వరూధిని అన్న పేరుకు ఏమి తక్కువ?

పుట్టిన పాపకు వరూధిని అని పేరు పెట్టాలనుకుంటున్నానని ఓ మిత్రుడు చెప్పగానే, వాళ్లింట్లో పెద్దావిడ "పేర్లే కరువయ్యాయా నాన్నా, మగవాడి వెంటపడిన అచ్చర పేరు పెడతావా?" అన్నదట. ఊర్వశి, మేనక అన్న పేర్లు ఎవరికీ అభ్యంతరం కానప్పుడు అచ్చర కావడం నేరం కాదు. ఆవిడ బాధంతా ఆ వెంటపడటం గురించే.

అల్లసాని పెద్దన మనుచరిత్ర కథ తెలియనివారు తక్కువ కనుక నేరుగా ఆ ఘట్టానికే వస్తాను. కోరిన చోటికి చేర్చే పాదలేపం మంచులో కరిగిపోయి, హిమాలయం మీద చిక్కుకున్న ప్రవరుడనే బ్రాహ్మణుడు ఊరికి దారి చెప్పమని అడిగితే, వరూధిని "ఇంతలు కన్నులుండ తెరువెవ్వరి వేడెదు భూసురేంద్ర" అంటుంది. అంతంత కళ్లు పెట్టుకుని దారి ఎవరినో అడగడమేమిటి, ఒంటరిగా ఉన్న ఆడవాళ్లను ఏదో నెపం మీద పలకరించాలని కాకపోతే, అని నిలదీస్తుంది. తెలుగు కావ్యాల్లో ఒక స్త్రీ తొలిపలుకులోనే ఇంత చమత్కారం, ఇంత ధీమా పలికించిన సందర్భాలు నాకు ఎక్కువగా గుర్తుకు రావడం లేదు. ఆమె తన కోరికను దాచుకోలేదు, కాదన్నవాడితో శాస్త్రం ఎత్తి మరీ వాదించింది. అతడు తోసివేసినప్పుడు కూడా, నీ గోరు తగిలిన చోటు ఇదిగో చూడమని చూపించింది. కూతురికి మాట నేర్పాలనుకునే తండ్రి ఇంతకన్నా మంచి పేరు ఎక్కడ వెతుకుతాడు?

ఇక నడవడి లెక్కే తీద్దామంటే, ఆ కథలో మోసం చేసింది వరూధిని కాదు. అంతకుముందు ఆమె కాదన్న గంధర్వుడే ప్రవరుడి రూపం ధరించి వచ్చి వంచించాడు. అహల్యను ఇలాగే రూపం మార్చి వంచించిన ఇంద్రుడి పేరు మాత్రం మహేంద్ర, సురేంద్ర, దేవేంద్ర అని మగపిల్లలకు నిస్సంకోచంగా పెట్టుకుంటున్నాం. మగవాడి పేరు అతడి పాపాన్ని కడిగేసుకుని వస్తుంది, ఆడదాని పేరు మాత్రం ఆమె కోరికను కూడా మోయాల్సి వస్తుంది.

నోరు తిరగని పేరని, బడిలో తోటిపిల్లలు ఏడిపిస్తారని అనేవారి మాటను నేను తీసిపారేయను, పేరు మోయవలసింది పిల్లే కదా. అయితే పిల్లలు ఏ పేరునైనా వెక్కిరించగలరు, ఏ పేరునైనా వారంలో అలవాటు చేసుకోగలరు.

నోరు తిరగడం అన్న మాట వచ్చింది కనుక అసలు సంగతి చెప్పాలి. తెలుగు రానివారి నోటికి పలకాలన్న ఒకే ఒక కొలతతో ఇప్పుడు పిల్లల పేర్లు ఎంచుతున్నాం. రెండక్షరాలకు మించకూడదు, ఒత్తులు ఉండకూడదు, అర్థం లేకపోయినా ఫరవాలేదు. పెద్దనను ఆంధ్రకవితాపితామహుడని కొనియాడే మనం, ఆయన తీర్చిదిద్దిన మనిషిని పాఠ్యపుస్తకంలో పద్యంగా భరిస్తాం కానీ ఇంట్లో ఆమె పేరు పెట్టి పిలుచుకోవడానికి వెనకాడుతున్నాం. భాష బడిలో చచ్చిపోతోందని వాపోయేవారు, అది ముందుగా ఉయ్యాల దగ్గరే సన్నగిల్లిందని గమనించినట్టు లేదు.

పైగా వరూధిని అన్న మాటకు అర్థమేమిటో పెద్దావిడకు ఎవరూ చెప్పినట్టు లేదు. సంస్కృత నిఘంటువు అమరకోశం సేనకు చెప్పిన పర్యాయపదాల వరుసలో, ధ్వజిని, వాహిని, చమువు మొదలైనవాటి సరసన ఇదీ ఉంది. మిత్రుడు ఈ సంగతి చెప్పాక ఆవిడ కాస్త మెత్తబడిందట. అయితే సంస్కృతంలో అది వరూథిని, తెలుగు కావ్యం ద్వారా మనకు అలవాటైనది వరూధిని. జనన ధ్రువపత్రం దరఖాస్తులో ఏ ఒత్తు రాయాలని అతను నిన్న ఫోన్ చేసి అడిగితే, పెద్దన నాయికను మన నోళ్లు ఎలా పిలుస్తున్నాయో అలాగే ధ వత్తు రాయమన్నాను.