తప్పంతా సూర్యుడిదే

చెన్నైలో కొత్తగా లేస్తున్న ఇళ్ళు ఇక్కడి ఎండకు పనికిరావని ఒక అపవాదు బయల్దేరింది. పాపం! అవి వాతావరణానికి అతికినట్టు సరిపోతాయి. ఆ వాతావరణం లండన్‌లో ఉండిపోతే మేస్త్రీ ఏం చేస్తాడు?

వేళచ్చేరి వైపు అరగ్రౌండు (పన్నెండొందల చదరపుటడుగుల) స్థలంలో కట్టే ఇంటిని చూడండి. ఎలివేషన్, అంటే ఇంటి ముందు అందం, చెడుతుందని సన్‌షేడ్ ఎత్తేస్తారు. పడమటి గోడకు ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు గాజు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి దాన్లోంచి కిలోవాటుకు పైగా వేడి లోపలికొస్తుంది. ఇస్త్రీపెట్టె ఆన్ చేసి గదిలో వదిలేసి తలుపేసుకున్నట్టు. టన్ను ఏసీ తోడేదే మూడున్నర కిలోవాట్లు. అందులో మూడోవంతు ఈ కిటికీకే దక్షిణ. మందపాటి కర్టెన్ వేశాంగా అంటారు. గాజు దాటిన ఎండ కర్టెన్‌ను కాలుస్తుంది, కర్టెన్ గదిని కాలుస్తుంది. ఆపాలంటే గాజుకు అవతలే ఆపాలి. వెదురు తడిక చాలు గానీ, ఎలివేషన్ ఏమైపోవాలి!

(సన్‌షేడ్ ఉన్నా పడమట దాని పప్పులు పెద్దగా ఉడకవు లెండి. ఆ వేళకు సూర్యుడు బాగా దిగి ఉంటాడు. రెండడుగుల సన్‌షేడ్ నీడ కిటికీ మీద అడుగు పైచిలుకే. అక్కడ జాలీయో (చిల్లుల గోడ) నిలువు రెక్కలో ఉండాలి.)

ఆ గాజున్న గదే యజమానిది. నైరుతి కదా, వాస్తు ఒప్పుకోవాలి. వంటిల్లు ఆగ్నేయం. సముద్రపు గాలి మధ్యాహ్నం వచ్చేదీ ఆ మూల నుంచే కాబట్టి ముందు వంటింట్లో దిగి, ఇంగువ పోపు అందుకుని, తక్కిన గదులకు వెళుతుంది. అదీ స్లైడింగ్ కిటికీలోంచే. ఎంత తెరిచినా సగమే తెరుచుకుంటుంది.

పైకప్పు మరీ ఘనం. మద్రాస్ టెర్రస్ అని ఒకటుండేది: టేకు దూలాల మీద సన్న ఇటుకల్ని ఐమూలగా నిలబెట్టి సున్నంతో కట్టి, పైన ఇటుకజల్లి (ఇటుక ముక్కలు) సున్నంతో కలిపి దిమ్మిసకొట్టి, పలకలు పరిచేవారు. తర్వాత ఐదంగుళాల స్లాబు వచ్చినా పైన మూడంగుళాల జల్లి సున్నం మిగిలింది. ఇప్పుడు దానికీ సెలవిచ్చి వాటర్‌ప్రూఫ్ రంగు పూసేసి, ఎర్రగానో బూడిదరంగులోనో వదిలేస్తున్నారు. 2003 మే నెలాఖరున 45 డిగ్రీలు చూసిన ఊళ్ళో! స్లాబు పగలంతా ఎండ తాగి రాత్రి పదింటికి నిద్రపోయేవాళ్ళ మీద కక్కుతుంది. ఆ సెగను ఫ్యాన్ మంచం దాకా తెచ్చి అప్పగిస్తుంది. తెల్ల సున్నం రెండు చేతులు వేస్తే ఎండలో చాలాభాగం వచ్చిన దారినే పోయేది. మరీ చవక, అందుకే ఎవరూ చెప్పరు.

గృహప్రవేశం మాఘంలో కనక ఫొటోలు చల్లగా వస్తాయి. ఏప్రిల్‌కల్లా గాజుకు లోపల్నుంచి పాత పేపర్లు అతుకుతాయి. ఆదివారం పేజీ ఒకటి గదివైపు తిరిగి ఉంటుంది, అందులో నేల నుంచి కప్పు దాకా గాజున్న ఫ్లాట్ల ప్రకటన.