ఉంగరాలు లెక్కపెడితే క్వార్టర్‌బ్యాక్ లెక్క తేలదు

2025 ఫిబ్రవరి 9, ఆదివారం సాయంత్రం. డాలస్ పక్కన ఫ్రిస్కోలో మా అన్నయ్య వాళ్లింట్లో పాతికమంది దాకా చేరాం. వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేగుతున్నాయి, హాల్లో టీవీలో న్యూ ఆర్లియన్స్ నుంచి సూపర్ బౌల్, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్, వస్తోంది. మా అన్నయ్య కొడుక్కి పద్నాలుగేళ్లు. ఒంటిమీద ఎర్ర జెర్సీ, వీపు మీద 15. అది కాన్సస్ సిటీ చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి దాడి నడిపే ఆటగాడు, ప్యాట్రిక్ మహోమ్స్ నంబరు. ఊరంతా డాలస్ జట్టు కౌబాయ్స్ అభిమానులే అయినా, మహోమ్స్ పుట్టింది టెక్సస్‌లోనే కాబట్టి మావాడి దృష్టిలో అతను మనవాడే. వారం రోజులుగా ఒకటే పాట: "బాబాయ్, ఇదొక్కటి కొడితే వరసగా మూడు, మొత్తం నాలుగు. బ్రేడీకి కూడా వరసగా మూడు లేవు, తెలుసా?" బ్రేడీ అంటే ఏడు సూపర్ బౌల్స్ గెలిచిన క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ.

సగం ఆట అయ్యేసరికి ఫిలడెల్ఫియా ఈగిల్స్ 24, కాన్సస్ సిటీ చీఫ్స్ సున్నా. చివరికి 40-22. మహోమ్స్‌ని ఆరుసార్లు నేలమీద పడేశారు. మావాడు ప్లేటు పక్కన పెట్టేసి మౌనంగా కూర్చున్నాడు. అప్పుడే సోఫాలో ఉన్న ఒక పెద్దాయన "ఇంకేముంది, బ్రేడీతో పోలిక ఇక ఆపెయ్యొచ్చు" అన్నారు. గదిలో చాలామంది తలూపారు.

ఆ మాట నాకు అప్పటి నుంచీ గుచ్చుకుంటూనే ఉంది. మహోమ్స్ ఆ రాత్రి బాగా ఆడాడని నేననను. రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే విసిరిన బంతి రెండుసార్లు అవతలివాళ్ల చేతికి చిక్కింది. అందులో ఒకటి నేరుగా వాళ్లకు టచ్‌డౌన్ (బంతిని గోల్ గీత దాటించడం) అయింది. కానీ ఆట తెగ్గొట్టింది ఈగిల్స్ ముందు వరస. మామూలుగా క్వార్టర్‌బ్యాక్‌ని కంగారు పెట్టడానికి వెనక ఉన్నవాళ్లలో ఒకరిద్దర్ని అదనంగా మీదికి పంపుతారు. ఈగిల్స్‌కి ఆ అవసరమే రాలేదు. ముందున్న నలుగురే చీఫ్స్ గోడ బద్దలుకొట్టుకుని వచ్చేశారు, మిగతా ఏడుగురూ హాయిగా వెనక కాపలా కాశారు. ఇక బంతి ఎవరికి విసరాలి? చీఫ్స్ లైన్‌లో ఐదుగురు పెద్దమనుషులు నిలబడలేకపోయిన రాత్రిని, 23 ఏళ్ల పాటు ఆడిన ఇంకొకడి గొప్పతనానికి రుజువుగా ఎలా తీసుకుంటాం?

ఈ ఆట చూడనివాళ్ల కోసం ఒక్క ముక్క. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో జట్టులో 53 మంది ఉంటారు, ఒకసారికి 11 మంది దిగుతారు. దాడి చేసే పదకొండుగురు వేరు, అడ్డుకునే పదకొండుగురు వేరు. దాడి మొదలయ్యే ప్రతిసారీ బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. రెండున్నర, మూడు సెకన్లలో ఎవరికి విసరాలో, ఎప్పుడు వదలాలో తేల్చుకోవాలి. ఆటలో అంత భారం మోసేవాడు ఇంకొకడు లేడు, నిజమే. కానీ ప్రత్యర్థి దాడికి దిగినప్పుడు ఇతను గీత బయట బెంచీ మీద ఉంటాడు. అంటే దాదాపు సగం ఆట అతని చేతిలో లేనే లేదు. అయినా సూపర్ బౌల్ గెలిచినప్పుడు 53 మందికీ ఇచ్చే ఉంగరాన్ని వాదనల్లో మాత్రం ఒక్కడి వేలికే తొడుగుతున్నాం. బ్రేడీకి ఏడు, మోంటానాకి నాలుగు, మహోమ్స్‌కి మూడు, మానింగ్‌కి రెండు, మరీనోకి సున్నా. లెక్క అయిపోయింది, భోజనాలకి లేవండి అన్నట్టు.

ఈ లెక్క ఎంత తప్పో చెప్పడానికి టామ్ బ్రేడీ జీవితమే చాలు. 2002 ఫిబ్రవరిలో అతని మొదటి సూపర్ బౌల్. సెయింట్ లూయిస్ రామ్స్ మీద బ్రేడీ విసిరింది మొత్తం 145 గజాలు (అతను విసిరిన బంతులతో జట్టు ముందుకు జరిగిన దూరం). అతని జట్టు పేట్రియట్స్ డిఫెన్స్‌లో ఆడే టై లా ఒక బంతిని లాక్కుని టచ్‌డౌన్ చేశాడు, ఆఖరి క్షణంలో ఆడమ్ వినాటియెరి 48 గజాల నుంచి బంతిని తన్ని గోల్ కొట్టాడు, పేట్రియట్స్ 20-17తో గెలిచారు. ఉంగరం వచ్చింది. పదహారేళ్ల తర్వాత, 2018 ఫిబ్రవరిలో, అదే బ్రేడీ ఈగిల్స్ మీద 505 గజాలు విసిరాడు. సూపర్ బౌల్ చరిత్రలో అంతకు ముందు ఎవరూ అన్ని విసరలేదు. పేట్రియట్స్ డిఫెన్స్ 41 పాయింట్లు ఇచ్చేసింది, ఓడిపోయారు, ఉంగరం రాలేదు. ఏ రాత్రి బ్రేడీ గొప్పగా ఆడాడు అని మావాడినే అడిగాను. వాడు కాసేపు ఆలోచించి "ఓడిపోయిన రోజే" అన్నాడు.

పేటన్ మానింగ్ కథ ఇంకా విడ్డూరం. 2013 సీజన్‌లో అతను 55 టచ్‌డౌన్లు, 5,477 గజాలు విసిరాడు. ఆ రెండూ రికార్డులే. ఆ ఏడాది సూపర్ బౌల్‌లో మొదటి బంతే అతని తల పక్కనుంచి వెనక్కి దూసుకుపోయింది. పన్నెండు సెకన్లలో సియాటెల్‌కి రెండు పాయింట్లు, ఆట ముగిసేసరికి 43-8. రెండేళ్ల తర్వాత, 2015లో, అదే మనిషికి చేతిలో జోరు తగ్గిపోయింది. 9 టచ్‌డౌన్లు, 17 ఇంటర్‌సెప్షన్లు. సీజన్ మధ్యలో కొన్నాళ్లు బెంచీ మీద కూడా కూర్చున్నాడు. ఆ ఏడాది డెన్వర్ డిఫెన్స్ మాత్రం ఎదురొచ్చినవాళ్లని చీల్చి చెండాడింది. సూపర్ బౌల్‌లో మానింగ్ విసిరింది 141 గజాలే, ఉత్తమ ఆటగాడి అవార్డు డిఫెన్స్‌లో ఆడిన వాన్ మిల్లర్‌కి పోయింది. ఉంగరం మాత్రం మానింగ్ పద్దులో రెండోదిగా పడింది. అతని కెరీర్‌లో అన్నిటికన్నా మంచి ఏడాదికి ఏమీ దక్కలేదు, అన్నిటికన్నా చెడ్డ ఏడాదికి ఉంగరం దక్కింది. బ్రేడీ-మానింగ్ ముఖాముఖి 17 సార్లు తలపడితే బ్రేడీ జట్టు 11 గెలిచింది. సీజన్ చివర్లో జరిగే నాకౌట్ ఆటల్లో, అంటే ప్లేఆఫ్స్‌లో, మాత్రం మానింగ్ జట్టుదే 3-2తో పైచేయి. ఏ ముక్క కావాలంటే ఆ ముక్క తీసుకుని వాదించుకోవచ్చు. పదిహేనేళ్లు అభిమానులు చేసింది అదే.

ఇప్పుడు ఆ స్థానంలోకి మహోమ్స్, జాష్ అలెన్ వచ్చారు. ఇక్కడ అలెన్‌కి జరుగుతున్న అన్యాయం గురించి నేను గట్టిగానే చెప్పాలనుకుంటున్నాను. 2022 జనవరి 23, కాన్సస్ సిటీలో ప్లేఆఫ్స్ ఆట. బఫలో బిల్స్ క్వార్టర్‌బ్యాక్ అలెన్ ఆ రోజు 329 గజాలు, 4 టచ్‌డౌన్లు విసిరాడు, ఒక్క బంతి కూడా అవతలివాళ్ల చేతికి ఇవ్వలేదు. నాలుగూ గేబ్రియెల్ డేవిస్‌కే. నాలుగోది పడేటప్పటికి గడియారంలో మిగిలింది 13 సెకన్లు, బిల్స్ 36-33 ఆధిక్యంలో ఉన్నారు. బఫలో ఊరంతా పండగ మొదలైపోయింది. ఆ 13 సెకన్లలో మహోమ్స్ రెండు బంతులు విసిరాడు, ఒకటి టైరిక్ హిల్‌కి, ఒకటి ట్రావిస్ కెల్సీకి, మొత్తం 44 గజాలు. బిల్స్ డిఫెన్స్ మరీ వెనక నిలబడి దారి వదిలేసింది. 49 గజాల గోల్‌తో స్కోరు సమం. అదనపు సమయానికి నాణెం ఎగరేశారు, చీఫ్స్ టాస్ గెలిచారు, మహోమ్స్ నేరుగా వెళ్లి టచ్‌డౌన్ వేశాడు. 42-36. ఆ టచ్‌డౌన్‌తోనే ఆట అయిపోయింది, అలెన్‌కి బంతి ముట్టుకునే అవకాశమే రాలేదు.

మహోమ్స్ ఆ రాత్రి చేసింది మహాద్భుతం, అందులో వాదన లేదు. కానీ మూడేళ్ల ముందు, 2019 జనవరిలో, అదే మైదానంలో అదే మహోమ్స్‌కి ఇదే జరిగింది. అప్పుడు టాస్ గెలిచింది పేట్రియట్స్. బ్రేడీ నడిపించిన దాడి టచ్‌డౌన్‌తో ముగిసింది, 37-31, మహోమ్స్ గీత దగ్గర నిలబడి చూశాడు. పైగా అదనపు సమయానికి ముందు, ఇంకో నిమిషం ఆట ఉందనగా, బ్రేడీ విసిరిన బంతి చీఫ్స్ చేతికి చిక్కింది. ఆట అక్కడితో అయిపోవాలి. కానీ చీఫ్స్ ఆటగాడు డీ ఫోర్డ్ గీత దాటి నిలబడ్డాడని జెండా పడింది, ఆ ఇంటర్‌సెప్షన్ రద్దయింది. రెండు వారాల తర్వాత బ్రేడీకి ఆరో ఉంగరం. ఆ ఫైనల్లో బ్రేడీ ఒక్క టచ్‌డౌన్ కూడా విసరలేదు, 13-3తో గెలిపించింది డిఫెన్స్. ఫోర్డ్ కాస్త వెనక్కి నిలబడి ఉంటే బ్రేడీ పద్దులో ఆరు పడేది కాదు. అప్పుడు బ్రేడీ కొంచెం తక్కువ గొప్పవాడు అయ్యేవాడా?

తరాలు మారితే ఈ లెక్క ఇంకా తప్పుతుంది. ఏడు టైటిళ్లు గెలిచిన క్వార్టర్‌బ్యాక్ బ్రేడీ ఒక్కడే అనుకునేవాళ్లకి ఆటో గ్రాహం పేరు చెప్పాలి. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కి 1946 నుంచి 1955 దాకా పదేళ్లు ఆడాడు, పదేళ్లూ ఫైనల్ చేరాడు, ఏడు గెలిచాడు. అందులో నాలుగు ఏఏఎఫ్‌సీ అనే వేరే లీగ్‌లో, మూడు ఇప్పటి లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో. అప్పటికి సూపర్ బౌల్ అనే పేరే పుట్టలేదు కాబట్టి ఆయన ఉంగరాలు ఎవరి లెక్కలోకీ రావు. అంటే మనం లెక్కపెడుతున్నది టైటిళ్లని కూడా కాదు, మొదటి సూపర్ బౌల్ జరిగిన 1967 జనవరి నుంచి గెలిచిన టైటిళ్లని.

జానీ యునైటస్‌ని చూడండి. 1955లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్ తీసుకుని, ఆడించకుండానే పంపేశారు. ఆట ఒక్కటికి 6 డాలర్ల చొప్పున ఊరి జట్టుకి ఆడాడు. మూడేళ్లు తిరిగాక, 1958 డిసెంబర్ 28న, న్యూయార్క్ యాంకీ స్టేడియంలో బాల్టిమోర్ కోల్ట్స్ క్వార్టర్‌బ్యాక్‌గా ఫైనల్ ఆడుతున్నాడు. జెయింట్స్ 17-14 ఆధిక్యంలో ఉన్నారు, రెండు నిమిషాల లోపే మిగిలింది, బంతి తన గోల్ గీతకి 14 గజాల దూరంలో ఉంది. రేమండ్ బెర్రీకి వరసగా మూడు బంతులు, 62 గజాలు. ఆఖరి సెకన్లలో గోల్‌తో సమం చేసి, అదనపు సమయంలో 80 గజాలు నడిపించి 23-17తో గెలిపించాడు. ఆ ఆటలో ఏ ఎత్తు వెయ్యాలో నిర్ణయించింది యునైటస్ తనే. ఇప్పుడు క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో స్పీకర్ ఉంటుంది, కోచ్ చెవిలో చెబుతాడు. ఆ సౌకర్యం 1994లో వచ్చింది.

యునైటస్ మొత్తం కెరీర్‌లో 290 టచ్‌డౌన్లు, 253 ఇంటర్‌సెప్షన్లు. ఈ అంకెలు చూపించి మా అన్నయ్య కొడుకు "ఇతనా గొప్పవాడు!" అని నవ్వాడు. వాడి తప్పేం లేదు. ఆ రోజుల్లో బంతి అందుకోవడానికి పరిగెత్తేవాణ్ని దారి పొడవునా తోసెయ్యొచ్చు, గుద్దెయ్యొచ్చు. 1978లో రూలు మార్చి, ఐదు గజాలు దాటాక ముట్టుకోకూడదన్నారు. అదే ఏడాది క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే లైన్‌మెన్ చేతులు చాచి అడ్డుకోవచ్చన్నారు. 2004లో ఆ ఐదు గజాల రూలుని కచ్చితంగా అమలు చెయ్యమని రిఫరీలకి చెప్పారు. ఆ ఏడాదే మానింగ్ 49 టచ్‌డౌన్లతో పాత రికార్డు బద్దలుకొట్టాడు. ఆ తర్వాత క్వార్టర్‌బ్యాక్ మోకాళ్ల మీద, తల మీద పడితే పెనాల్టీలు పెరిగాయి. సీజన్ కూడా 12 ఆటల నుంచి 17 అయింది. నలభై దాటిన మనిషి ఆడగలుగుతున్నాడంటే అందులో అతని కష్టం ఎంత ఉందో ఈ రూళ్ల దయ కూడా అంత ఉంది.

మరి తరాల మధ్య పోలికే వద్దా? నేనలా అనను. క్రికెట్‌లో బ్రాడ్‌మన్ సగటు 99.94 అని ఇప్పటికీ ఎందుకు చెప్పుకుంటున్నాం? ఆయనతో పాటు అవే పిచ్‌ల మీద ఆడినవాళ్లెవరూ ఆ దరిదాపులకి రాలేదు కాబట్టి. అదే కొలత ఇక్కడ వాడితే నా కళ్లకి ముందు కనిపించేది ఉంగరం లేని డాన్ మరీనో. 1984కి ముందు ఒక సీజన్‌లో 36 టచ్‌డౌన్లకి మించి ఎవరూ విసరలేదు. మయామీ డాల్ఫిన్స్‌కి ఆడుతున్న మరీనో, రెండో ఏడాదిలోనే, 48 విసిరాడు. ఒక్కసారిగా మూడో వంతు ఎక్కువ. గజాల్లో 5,084. ఐదు వేలు దాటిన మొదటి మనిషి. రెండోవాడు డ్రూ బ్రీస్, 2008లో, అంటే 24 ఏళ్ల తర్వాత. 2011 వచ్చేసరికి ఒక్క సీజన్‌లోనే ముగ్గురు ఐదు వేలు దాటేశారు. మనుషుల చేతులు మూడేళ్లలో మారిపోవు కదా, మారింది ఆట. ఆ ముగ్గురి ఐదు వేలూ, మరీనో ఐదు వేలూ ఒకే బరువు తూగవు. కానీ 1985 జనవరిలో మోంటానా జట్టు చేతిలో 38-16తో ఓడిపోయాడు, మళ్లీ సూపర్ బౌల్ చేరలేదు. అందుకే మన వాదనల్లో అతని పేరు పక్కన ఎప్పుడూ "కానీ" ఉంటుంది.

ఇదంతా చదివి నేను బ్రేడీ వ్యతిరేకినని అనుకోవద్దు. మొత్తం కెరీర్ అడిగితే నా ఓటు బ్రేడీకే. 2000లో జట్లు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకున్నప్పుడు 199వ వాడిగా ఎంపికైన కుర్రాడు 23 సీజన్లు ఆడాడు. 1994 నుంచి జీతాల మీద పరిమితి ఉన్న లీగ్‌లో, చుట్టూ జట్టు మారిపోతున్నా నిలబడ్డాడు. 2008లో అతను మోకాలి గాయంతో మొదటి ఆటలోనే తప్పుకుంటే పేట్రియట్స్ 11 గెలిచారు, కాబట్టి గొప్పతనమంతా కోచ్ బెలిచిక్‌దే అన్నవాళ్లున్నారు. 43 ఏళ్ల వయసులో కొత్త ఊరు టాంపా వెళ్లి, కొత్త కోచ్ కింద, మొదటి ఏడాదే గెలిచి వాళ్లకి జవాబు చెప్పాడు. నేను అతన్ని మెచ్చేది ఆ మారగలిగే గుణానికి, అన్నేళ్లు పట్టు సడలని ఆటకి. ఏడు అనే అంకెకి కాదు. మోంటానా నాలుగు సూపర్ బౌల్స్‌లో 11 టచ్‌డౌన్లు వేసి ఒక్క ఇంటర్‌సెప్షన్ కూడా ఇవ్వలేదు. ఒక్క ఆట గెలవాలంటే ఎవరిని దింపుతావని అడిగితే నేను అతని పేరు చెబుతాను. మావాడు మహోమ్స్ అంటాడు. ఇద్దరికీ కారణాలున్నాయి.

2019లో చీఫ్స్ తమకి జరిగింది చూసి, అదనపు సమయంలో రెండు జట్లకీ బంతి ఇవ్వాలని లీగ్‌ని అడిగారు. ఒప్పుకోలేదు. 2022 మార్చిలో, అలెన్ ఓడిపోయిన రెండు నెలలకి, 32 జట్లలో 29 ఒప్పుకుని ప్లేఆఫ్స్‌కి ఆ రూలు మార్చాయి. ఆ రాత్రి ఆట న్యాయంగా ముగియలేదని లీగే ఒప్పుకున్నట్టయింది. మొన్న మావాడు కొత్తగా వేసుకున్న పట్టిక నాకు చూపించాడు. ప్లేఆఫ్స్‌లో మహోమ్స్ 4, అలెన్ 0 అని రాసి ఉంది. నేను పెన్ను తీసుకుని 2022 జనవరి 23 ఎదురుగా 13 సెకన్లు, నాణెం అని రాశాను. వాడు కొట్టెయ్యలేదు. కాసేపయ్యాక 2019 జనవరి తేదీ తనే వెతికి, దాని ఎదురుగా కూడా నాణెం అని రాసుకున్నాడు.