ఆక్సిజన్ నెత్తిన కూర్చున్న ఎలక్ట్రాన్ల ఒంటరి జంటలకు

కేరాఫ్ నీటి అణువు.

కోనసీమ నుంచి రాయునది. మేమిక్కడ క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, బంధంలో ఇరుక్కున్నవాళ్లకి కదండీ బాధలు!

పక్కన రెండు బంధ జంటలు ఇటు ఆక్సిజన్‌కీ అటు హైడ్రోజన్‌కీ మధ్య నలిగిపోతున్నాయి. మీ రెండు జంటలూ మాత్రం ఒక్క ఆక్సిజన్‌నే అంటిపెట్టుకుని కాళ్లు బార్లా చాపేశారు. సంక్రాంతికొచ్చిన కొత్తల్లుడు అరుగంతా ఆక్రమిస్తే ఇంటిల్లిపాదీ ఒదిగి నడిచినట్టు, మీ తోపుడికి హైడ్రోజన్లు దగ్గరికి జరగాల్సొచ్చింది. మా నేల కింది గ్యాస్‌లో ఉండే మీథేన్‌ని చూడండి. నాలుగూ బంధాలే, 109.5 డిగ్రీల ఎడం, పేచీ లేదు. అమ్మోనియాలో అల్లుడొక్కడే, కోణం 107కి దిగింది. నీటిలో ఇద్దరు. 104.5!

కార్బన్ డయాక్సైడ్‌లోనూ ఆక్సిజన్లు ఎలక్ట్రాన్లని లాక్కునేవే. కానీ నడిమి కార్బన్ మీద మీవాళ్లెవరూ లేరు. అణువు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, ఇటు లాగినంతా అటూ లాగి చివరికి లెక్క సున్నా. నీరు వంగింది కాబట్టి ఆ లెక్క కొట్టుకుపోలేదు. ఆక్సిజన్ వైపు కాస్త రుణావేశం, హైడ్రోజన్ల వైపు కాస్త ధనావేశం. ఈ రెండు ధ్రువాల తేడాని కొలిచే ద్విధ్రువ భ్రామకం 1.85 డిబై (డిబై దాని కొలమానం).

దాని ప్రతాపం కాలవ రేవులో చూడాలి. తలకి దట్టించిన కొబ్బరినూనె ఎన్ని మునకలేసినా కరగదు. విడివడ్డ చుక్కలు నీటిమీద తేలి, ఒకదాన్నొకటి తగిలి పెద్దవవుతాయి. ధ్రువాలున్న నీటి అణువులు తమలో తాము చేతులు పట్టుకుంటాయే తప్ప ధ్రువం లేని నూనెని దగ్గరికి రానివ్వవు. కుంకుడురసం పోశాకే రాజీ. అందులో నురగనిచ్చే సపోనిన్ అనే పదార్థానికి ఒక కొస నూనె పక్షం, ఇంకో కొస నీటి పక్షం.

పోనీ మిమ్మల్ని తిడదామా అంటే నోరు రాదు. పక్క అణువులోని హైడ్రోజన్‌ని మీరు పట్టి ఉంచబట్టే నీరు 100 డిగ్రీలదాకా మరగదు. దానికన్నా బరువైన హైడ్రోజన్ సల్ఫైడ్‌కి అంత పట్టు లేక సున్నాకి 60 డిగ్రీలు కిందే ఆవిరైపోతుంది. మీరే లేకపోతే, 1852లో కాటన్ దొర ధవళేశ్వరంలో ఆనకట్ట పూర్తిచేసి ఏం ఆపేవాడండీ, గాలినా?

ఒక్క సంగతి మాత్రం మింగుడు పడట్లేదు. అణువు ఆకారానికి పేరు పెట్టేటప్పుడు పరమాణువుల్నే చూస్తారు, మిమ్మల్ని లెక్కలోకి తీసుకోరు. వంచింది మీరు, ‘వంగింది’ అన్న పేరు నీటికి! వెనకుండి అంతా నడిపించి కాగితం మీద కనబడనివాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లవల్ల శివారు పొలానికి చుక్క నీరొచ్చిన పాపాన పోలేదు.

ఇట్లు,
కాలవ చివరి రైతు