సవరణ: మానిటర్ రంగుల గురించి
ఫొటో ఎడిటింగ్‌కు మానిటర్ ఎంచుకోవడంపై పోయిన వారం రాసినదానిలో ‘ఎస్‌ఆర్‌జీబీ నూరు శాతం ఉంటే చాలు, రంగులు సరిగ్గా వస్తాయి’ అన్నాను. అది తప్పు. ఎస్‌ఆర్‌జీబీ అంటే తెరలకు వాడే ప్రామాణిక రంగుల శ్రేణి; ఆ శాతం అందులో మానిటర్ ఎంత మేర రంగులు చూపగలదో చెబుతుంది, ఉన్నదున్నట్టు చూపుతుందో లేదో చెప్పదు. అందుకు డెల్టా-ఈ, అంటే అసలు రంగుకూ తెరమీది రంగుకూ ఉన్న తేడా, చూడాలి; అది 2 లోపు ఉంటే మంచిది. కొన్నాక, తెర రంగులు కొలిచే కాలిబ్రేటర్‌తో సరిచూసుకోవడమూ తప్పదు.

వెలుగు సంగతి అసలు రాయనే లేదు. గండికోటలో పొద్దువాలే వేళ తీసిన ఫొటోలో, తెరమీద ఎర్రరాతి పగుళ్లు లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపించాయి. కడపలో ప్రింటు వేయిస్తే పెన్నా లోయంతా బొగ్గుముద్ద! ల్యాబు వాళ్లను అనవసరంగా విసుక్కున్నాను. తెర వెలుగు నిండుగా పెట్టుకుని ఎడిట్ చేసింది నేనే. ప్రింటు కోసమైతే చదరపు మీటరుకు 80 నుంచి 120 క్యాండెలాల (వెలుగు కొలమానం) మధ్య ఉంచండి.

ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగులు పెద్దగా మారని తెర రకం) కొనమన్న మాటలో మార్పు లేదు.