హైదరాబాద్ - వరంగల్ రాత్రి రిలే: వ్యాసంలో వదిలేసిన లెక్కలు

హైదరాబాద్ నుంచి వరంగల్ దాకా రాత్రంతా వంతులవారీగా ఉరికే రిలే మీద వచ్చిన వ్యాసంలో, పది మంది చాలు, మనిషికి 15 కిలోమీటర్లు ఒకేసారి అని రాశారు. అది రిలే కాదు, శిక్ష. పన్నెండు మంది, 6 కిలోమీటర్ల చొప్పున రెండు విడతలు పెట్టుకోండి: 144 కిలోమీటర్లు. కిలోమీటరుకు ఆరున్నర నిమిషాలైతే సుమారు 15 గంటల 40 నిమిషాలు. సాయంత్రం 5కి ఉప్పల్‌లో మొదలైతే పొద్దున తొమ్మిదిలోపే వరంగల్.

అసలు చిక్కు డివైడర్. ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడివైపు ఉరికితే, మన వెంట వచ్చే బండి డివైడర్ అవతల ఉంటది. నీళ్లు కూడా అందవు. అందుకే ఒకరి నుంచి ఇంకొకరు వంతు అందుకునే చోట్లు ముందే పగటిపూట చూసి, ఉరికే వైపున్న పెట్రోల్ బంకులే ఖాయం చేసుకోవాలె. బండి ముందే యూటర్న్ తీసుకొని అక్కడ నిలబడాలె.

వరికోతల కాలంలో జనగామ, ఆలేరు దిక్కు రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తరు. పట్టా ఎగరకుండా చుట్టూ రాళ్లు పెడతరు. నల్లరాయి హెడ్‌ల్యాంపు వెలుగులో చివరిదాకా కనబడదు. కాలి చీలమండ బెణికేది అక్కడనే. వెనుక ఎర్రలైటు, మెరిసే జాకెట్ సరే, కుక్కలకు చేతిలో కర్ర ఉండాలె.

మొదటి విడతకు, రెండో విడతకు మధ్య ఏడు గంటలు దొరుకుతయ్. చెమట బట్టలు వెంటనే మార్చి, పెరుగన్నం తిని పండుకోవాలె. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలె, సగం సీసాలో కలపొద్దు. బండిల ముడుచుకున్న పిక్కలు పట్టేస్తయ్. వంతుకు పదిహేను నిమిషాల ముందే దిగి నడవాలె.