అర నిమిషం ఆలస్యంగా వస్తున్న భవిష్యత్తు

టెలివిజన్ భవిష్యత్తు ఇంటర్నెట్‌దేనని మేధావులు తేల్చేశారు. ఆ భవిష్యత్తు రోజూ సుమారు అర నిమిషం ఆలస్యంగా వస్తోందని ఫోనులో క్రికెట్ ప్రత్యక్ష ప్రసారం చూసే కొందరు గొణుగుతున్నారు. గొణగవలసిన పనేమీ లేదు. దాని గొప్పదనమంతా ఆ అర నిమిషంలోనే ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను.

ముందు కాస్త శాస్త్రం. డిష్ టీవీ సంకేతం దాదాపు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా వెళ్లి, తిరిగి మన డాబా మీద వాలడానికి పావు సెకను పడుతుంది. దాన్ని మూట కట్టే పెట్టెలు, విప్పే పెట్టెలు తీసుకునే సమయం కలిపినా కొన్ని సెకన్లే. అదే బంతి ఇంటర్నెట్‌లో మన ఊళ్లోని సర్వరు నుంచి మన హాల్లోకి రావాలంటే ఇరవై సెకన్లు, ముప్పై, ఒక్కోసారి నలభై. ఆకాశం దగ్గర, అమీర్‌పేట దూరం.

సర్వరుకు బద్ధకమని అపార్థం చేసుకోకండి. ప్రత్యక్ష ప్రసారాన్ని ముందు ముక్కలుగా కోయాలి. యాపిల్ సంస్థ 2009లో తెచ్చిన హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతిలో ఒక్కో ముక్క మొదట్లో 10 సెకన్లు, తర్వాత 6 సెకన్లు. దారిలో అంతరాయం వస్తే ఆదుకోవడానికి నిల్వ ఉండాలి కనుక, మూడు ముక్కలు చేతికి అందేదాకా ఫోను బొమ్మ మొదలుపెట్టదు. ఆరు మూళ్లు పద్దెనిమిది. మిగతా తతంగమంతా దాని మీద అదనం. ఆలస్యాన్ని తగ్గించే విద్యను కూడా అదే సంస్థ 2019లో ప్రకటించింది. కానీ నిల్వ తగ్గితే బొమ్మ ఆగి చక్రం తిరిగే ప్రమాదం పెరుగుతుంది. ఆగి ఆగి నడిచే వర్తమానం కంటే సాఫీగా సాగే గతమే మేలని వ్యాపారం తీర్పు చెప్పింది.

ఆ గతానికి ధర కూడా కట్టారు. 2022 జూన్‌లో ఐపీఎల్ అయిదేళ్ల హక్కుల వేలం జరిగింది. భారత ఉపఖండంలో టీవీ హక్కులు 23,575 కోట్ల రూపాయలకు పోగా, డిజిటల్ హక్కులు రెండు ప్యాకేజీలూ కలిపి సుమారు 23,758 కోట్లు పలికాయి. బంతిని ముందు చూపించేవాడి కంటే తర్వాత చూపించేవాడు 183 కోట్లు ఎక్కువ కట్టాడు. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న పెద్దలు ఈ వేలానికి హాజరైనట్టు లేరు.

ఇక సామాజిక న్యాయం సంగతి. దూరదర్శన్ ఫ్రీ డిష్‌కు నెలవారీ చందా లేదు. జాతీయ ప్రాధాన్యం ఉన్నవిగా ప్రకటించిన మ్యాచ్‌ల సంకేతాన్ని దూరదర్శన్‌తో పంచుకోవాలని 2007 నాటి చట్టం చెబుతోంది. అందువల్ల అపార్ట్‌మెంటు కింద వాచ్‌మన్ గదిలో వికెట్ ముందు పడుతుంది. గోడంత టీవీ, ఫైబర్ కనెక్షన్, ఏడాది చందా ఉన్న అయిదో అంతస్తులో ఆ బౌలర్ ఇంకా చొక్కాకు బంతి రుద్దుకుంటూనే ఉంటాడు. ఎంత పెట్టగలిగితే అంత వెనక! ఏ సంక్షేమ పథకం ఇంత పని చేసింది? పైగా కింది నుంచి కేక వినిపించగానే అయిదో అంతస్తు యజమానికి జరగబోయేది తెలిసిపోతుంది. ఈ విద్య కోసం పూర్వం అడవులకు వెళ్లి తపస్సు చేసేవారు. (ఈ అర నిమిషం విలువను అందరికంటే ముందు గుర్తించినవారు బెట్టింగ్ రాయుళ్లు. వారిని ఆర్థికవేత్తలుగా గుర్తించకపోవడం మన దౌర్భాగ్యం.)

అపార్ట్‌మెంటు సంఘాలు మాత్రం వెంటనే హర్షధ్వానాల నియమావళి రూపొందించుకోవాలి. డిష్ ఉన్నవారు సిక్సరు చూశాక నోట్లో తువ్వాలు కుక్కుకొని ముప్పై దాకా లెక్కపెట్టాలి. కేబుల్ వారికి అంకెలు కొంచెం అటూ ఇటూ. ఉల్లంఘిస్తే లిఫ్టు బంద్.

ఇంతలో ఒక పిడుగులాంటి వార్త. 2023 నవంబరు 19న ప్రపంచకప్ ఫైనల్‌ను ఒకే ఇంటర్నెట్ వేదికపై ఒకే సమయంలో 5.9 కోట్ల మంది చూశారు. పాత టీవీ ఊరి మధ్య దండోరా వేస్తే, ఇంటర్నెట్ టీవీ అన్ని కోట్ల ఇళ్లకూ విడివిడిగా వెళ్లి చెవిలో చెప్పి వస్తుంది. ఈ తిరుగుడు తప్పించడానికి ఐఐటీ కాన్పూర్, బెంగళూరుకు చెందిన సాంఖ్య ల్యాబ్స్, ప్రసార భారతి కలిసి ‘డైరెక్ట్ టు మొబైల్’ అనే ప్రయోగం చేపట్టాయి. ఎత్తైన టవరు నుంచి ఒకే సంకేతం వదులుతారు. ప్రత్యేక చిప్ ఉన్న ఫోనులన్నీ దాన్ని ఇంటర్నెట్ లేకుండానే పట్టుకుంటాయి. ఇలాగే టవరు నుంచి సంకేతం వదిలే తన పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దూరదర్శన్ దాదాపు అన్నింటినీ మూసేస్తున్న కాలంలోనే ఈ నవీన ఆవిష్కరణ జరగడం కాకతాళీయమే కావచ్చు.

ఫోను తయారీ సంస్థలు 2023లోనే దీనికి అభ్యంతరం చెప్పాయి. ఖర్చు పెరుగుతుందని, బ్యాటరీ అయిపోతుందని వారి బాధ. అసలు ప్రమాదం వారికి తట్టినట్టు లేదు. వాచ్‌మన్‌కూ యజమానికీ ఒకే క్షణంలో వికెట్ పడితే సమాజం ఏమైపోవాలి? కేంద్రం వెంటనే జోక్యం చేసుకొని, టవరు సంకేతానికి కూడా అర నిమిషం ఆలస్యాన్ని చట్టబద్ధంగా కలపాలి. నెలకు కొంత రుసుము చెల్లించే వారికి మరో పది సెకన్లు అదనంగా ఇవ్వవచ్చు.