మూడో బిడ్డ కావలెను

పల్లెలు ఖాళీ అవుతున్నాయన్న సంగతి ఎట్టకేలకు ప్రభుత్వాల చెవిన పడింది. ఊళ్లో మిగిలినవాళ్లలో సగంమందికి చెవులు వినపడవు కాబట్టి ఎవరో ఒకరికి వినపడటం మంచిదే. వినపడీ వినపడగానే మందు కూడా కనిపెట్టేశారు. పిల్లల్ని కనండి.

ఈ మందు నాకు తెగ నచ్చింది. కాలువలో పూడిక తియ్యక్కర్లేదు, పంటకు గిట్టుబాటు ధర ఇవ్వక్కర్లేదు, బడికి రెండో టీచర్ని వెయ్యక్కర్లేదు. పథకమంతా ప్రజల సొంత ఖర్చుతో, సొంత ఇంట్లో అమలవుతుంది. టెండర్లు కూడా ఉండవు.

ఒకప్పుడు ఇదే ఊరి గోడల మీద ఎర్ర త్రికోణం వేసి "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అని రాశారు. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులంది. నామినేషన్ల సీజన్ రాగానే చాలా ఇళ్లలో మూడోవాడికి బాబాయే నాన్న అయిపోయేవాడు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. 2025 సంక్రాంతికి నారావారిపల్లె వెళ్లిన ముఖ్యమంత్రి చంద్రబాబు ఇంకో మెట్టెక్కి, ఇద్దరికంటే ఎక్కువమంది ఉంటేనే సర్పంచ్ పదవికి అర్హత అనే రోజు రావాలన్నట్టు మాట్లాడారు. ఇప్పుడు బాబాయి దగ్గర దాచిపెట్టినవాణ్ని అర్జంటుగా వెనక్కి తెచ్చుకోవాలి. వాడేమో ఈపాటికి కూకట్‌పల్లిలో ఈఎంఐ కట్టుకుంటూ ఉంటాడు. మరి ముఖ్యమంత్రిగారికి ఒక్కడే కొడుకు కదా అని కొంటె ప్రశ్నలు వెయ్యకండి. పాలసీ అనేది ఎప్పుడూ పక్కింటివాడి కోసమే చేస్తారు.

ఆ ఏడు మహిళా దినోత్సవానికి విజయనగరం ఎంపీ ఒక ప్రోత్సాహకం ప్రకటించారు. మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే తన జీతంలోంచి యాభై వేలు డిపాజిట్, మగపిల్లాడు పుడితే ఆవు. దీన్ని చూసి నవ్వినవాళ్లకు పశుపోషణ తెలియదు. ఆవుకు తెల్లారుజామున పాలు పితకాలి, గడ్డి కొయ్యాలి, పేడ ఎత్తాలి, ఎద కట్టించాలి, జబ్బు చేస్తే మండల కేంద్రానికి ఫోన్ చేసి డాక్టర్ కోసం ఎదురు చూడాలి. ఇంట్లో ఉన్నది ఎవరు? పచ్చి బాలింత, అప్పటికే ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పుల అత్తగారు. మొగుడు ఎక్కడో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఇరవై ఏళ్లకు మగపిల్లాడు బెంగళూరు వెళ్లిపోతాడు, ఆవు సంతతి మాత్రం ఊళ్లోనే ఉంటుంది. పశుగణనలో మనకు మంచి పేరు రావడం ఖాయం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రలో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది, తెలంగాణలో 1.8 మంది పిల్లలు. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలట. లోటు ఆంధ్రలో 0.4. ఈ పాయింట్ నాలుగు కోసం ఇంత టెన్షన్ పడుతున్న పెద్దలు, కనేసిన ఆ ఒకటీ పాయింట్ ఏడు మంది ఎటు పోయారని మాత్రం వెతకరు. వెతకడానికి దూరం కూడా వెళ్లక్కర్లేదు. పొద్దున ఆరున్నరకు ఊరి సెంటర్లో నిలబడితే చాలు. పసుప్పచ్చ బస్సు వస్తుంది, నిద్రకళ్లతో ఉన్న పిల్లల్ని ఎక్కించుకుని టౌనుకు పోతుంది. పదో తరగతి అయ్యాక బస్సు కూడా అక్కర్లేదు, హాస్టల్లో పడేస్తారు. తర్వాత ఇంజనీరింగ్, హైదరాబాద్, కలిసొస్తే డల్లాస్. ఊరి బడిలో పిల్లలు లేరని బడి మూస్తారు, బడి లేదని ఉన్న పిల్లలూ పోతారు. మూడోవాడు పుడితే ఇదే బస్సులో ఇంకో సీటుకు ఫీజు కట్టాలి.

పోనీ ఎవడో ఒకడు ఎదురీది ఊళ్లో ఉండిపోయాడనుకోండి. వాళ్ల నాన్నను ఎవరైనా "మీవాడు ఏం చేస్తున్నాడండీ?" అని అడుగుతారు. ఆయన తల వంచుకుని "ఏం లేదండీ, వ్యవసాయం" అంటాడు. ఈ "ఏం లేదండీ" అనే ఉద్యోగానికి కావలసిన అర్హతలు చూడండి. పదెకరాల మాగాణి పండించాలి, అర్ధరాత్రి కరెంటు వస్తే మోటారు వెయ్యాలి, మిరపకు తామర పురుగు వస్తే ఏ మందు కొట్టాలో తెలియాలి, బ్యాంకు మేనేజరుతోనూ పురుగుమందుల షాపువాడితోనూ ఒకే రోజు మర్యాదగా మాట్లాడాలి. అన్నిటికీ మించి అప్పు మొయ్యాలి. 2019 జాతీయ నమూనా సర్వేలో వ్యవసాయ కుటుంబాల సగటు అప్పు దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువ తేలింది. కుటుంబానికి దాదాపు 2.45 లక్షలు. ఫస్ట్ ర్యాంకు వచ్చినా మనవాళ్లు ఎందుకో ఫ్లెక్సీ కట్టలేదు.

మూడో బిడ్డ సంగతి తర్వాత, ఇలాంటివాడికి మొదటి బిడ్డ పుట్టాలంటే ముందు పెళ్లి కావాలి. పాలసీ రాసినవాళ్లు ఈ చిన్న ఏర్పాటును మర్చిపోయినట్టున్నారు. పెళ్లిళ్ల పేరయ్య ఫోన్ సంభాషణ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది.

"అబ్బాయి బుద్ధిమంతుడండీ. ఎనిమిదెకరాలు, బోరు, డాబా ఇల్లు."

"బాగుంది. పొలం ఎవరు చూసుకుంటారు?"

"అబ్బాయే చూసుకుంటాడండీ."

కాసేపు లైన్లో శబ్దం ఉండదు. తర్వాత ఆడపిల్ల తండ్రి గొంతు సవరించుకుని "మీరేమీ అనుకోకండి. అమ్మాయి ఒప్పుకోవట్లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే సంబంధం ఉంటే చెప్పండి. ఎనిమిదెకరాలు ఉంటే మాకేం అభ్యంతరం లేదు" అంటాడు. పొలం ఉండాలి, అల్లుడు మాత్రం పొలంలో ఉండకూడదు. ఈ మాట అంటున్న పెద్దమనిషి కూడా రైతే. ఫోన్ పెట్టేసి మోటారు ఆపడానికి వెళ్తాడు. ఆయన్ని తప్పు పట్టలేను. ముప్పై ఏళ్లుగా భార్య పడ్డ చాకిరీ ఆయనకు లెక్కతో సహా తెలుసు, దానికి కూతుర్ని కూడా ఎలా పంపుతాడు?

మరి నాట్లు ఎవరు వేస్తున్నారంటారా? తెలంగాణలో పశ్చిమ బెంగాల్, బిహార్ నుంచి ముఠాలు వచ్చి ఎకరాకు ఇంతని మాట్లాడుకుని వేసి పోతున్నాయి. బెంగాల్ తల్లి కన్నది, కరీంనగర్ రైతు వాడుకుంటున్నాడు. ఆ లెక్కన మనం కనాల్సిన మూడో బిడ్డను ఇప్పటికే బయటినుంచి తెప్పించుకుంటున్నాం. వాళ్లకు రేషన్ కార్డు, అద్దె గది, పిల్లలకు బడి ఇచ్చి ఉండిపొమ్మంటే ఊరి జనాభా రేపే పెరుగుతుంది. అయితే అది పాలసీ కాదు, ఖర్చు. పైగా వాళ్లు కూడా ఊళ్లో ఉండిపోతే మన అబ్బాయిల్లాగే పెళ్లి కాని ప్రసాదులవుతారు.

అయినా ఊరు నింపడం చేతకాదని ఎవరన్నారు? సంక్రాంతి మూడు రోజులూ పల్లెలో కారు పెట్టడానికి చోటుండదు. 2024 మే 13న పోలింగ్ అయితే సంక్రాంతిని మించిపోయింది. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నుంచి బస్సుల టాపులెక్కి మరీ వచ్చారు, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ ఎనభై శాతం దాటింది. చార్జీలు చేతిలో పెట్టి, ఫోన్లు చేసి, అభిమానంగా "రా రా" అని పిలిస్తే మనిషి ఊరికి వస్తాడని అన్ని పార్టీలూ ఆ రోజు నిరూపించాయి. పదమూడో తారీఖు సాయంత్రానికి ఆ పరిశోధన ఆపేశారు. నెలకో ఉప ఎన్నిక పెడితే గ్రామీణ జనాభా సమస్యే ఉండేది కాదు.

కాగితాల మీదైతే ఊరు ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటుంది. జపాన్‌లో నాగోరో అనే కొండ పల్లెలో మనుషులు వెళ్లిపోయిన చోటల్లా ఒకావిడ గుడ్డబొమ్మలు చేసి పెట్టింది. బడిలో బొమ్మలు, బస్టాపులో బొమ్మలు. చూడటానికి టూరిస్టులొస్తారట. మనకంత కుట్టుపని అక్కర్లేదు. ఉపాధి హామీ పనుల మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, తీసి చూస్తే కువైట్‌లో ఉన్నవాడు కూడా చెరువు మట్టి తవ్వుతూ కనిపిస్తాడు.

ఇక అసలు పరిష్కారం. కర్నూలు పశ్చిమాన కోసిగి, కౌతాళం వైపు దసరా దాటితే ఊళ్లకు ఊళ్లు మూటలు కట్టి గుంటూరు వైపు పత్తికి, మిరపకోతలకు పోతాయి. ముసలివాళ్లు తాళాలకు కాపలా. పిల్లలు చేను గట్టున టార్పాలిన్ గుడిసెల్లో ఉంటారు. 2027 జనగణనలో తలలు లెక్కపెట్టేది ఫిబ్రవరిలో, సరిగ్గా మిరపకోతల నెల. ఆ లెక్కల రోజులన్నీ ఇంటికి దూరంగానే ఉన్నవాణ్ని ఉన్నచోటే రాసుకోవడం జనగణన పద్ధతి. కాబట్టి గుంటూరు పల్లెల్లో జనాభా ఉన్నట్టుండి పెరుగుతుంది. అందులోనూ బడిఈడు పిల్లలు! ఎవరూ కనక్కర్లేదు, ఆవు ఇవ్వక్కర్లేదు. కలెక్టర్లు ప్రశంసాపత్రాలు ఇప్పుడే ప్రింటుకు ఇచ్చుకుంటే మంచిది, ఏప్రిల్లో కోతలయ్యాక లెక్క అడిగేవాడెవడూ ఉండడు.